శ్రావణ ముహూర్తమా? అమ్మాయి అమ్మమ్మను అడిగారా?

సింగపూర్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక అబ్బాయి సందేహం: "నేను పెళ్లాడబోయేది ఇక్కడి చైనీయుల అమ్మాయిని. మా సిద్ధాంతిగారు 2026 శ్రావణంలో ముహూర్తం పెట్టారు. ఆ మాట చెప్పినప్పటి నుంచి వాళ్లింట్లో ఎవరూ నోరు మెదపడం లేదు. ఎందుకంటారు?"

మర్యాదస్తులు నాయనా, అందుకే మెదపడం లేదు. మనకు ఆషాఢం ఎలాగో వాళ్లకు ఏడో నెల అలాగ, పట్టింపు ఇంకా ఎక్కువ. ఆ నెలంతా యమలోకపు తలుపులు తెరిచి ఉంటాయని, ఆత్మలు తిరుగుతాయని నమ్మకం. ఫ్లాట్ల కింద కాగితపు డబ్బు కాలుస్తారు. గెతాయ్ పాటకచేరీల్లో ముందు వరుస కుర్చీలు ఆత్మలకే, మనుషులు కూర్చోరు. వాళ్ల నెల కూడా అమావాస్య దగ్గరే మారుతుంది కనుక చాలా ఏళ్లు ఏడో నెల మన శ్రావణం మీదే పడుతుంది. 2026లో రెండూ ఆగస్టు 13నే మొదలు.

మా మేనల్లుడి పెళ్లికి శ్రావణంలో హాలు చవకగా దొరికిందని మురిసిపోయాం. ఎందుకంత చవకో అమ్మాయి అమ్మమ్మ "నేను రాను" అనేదాకా తెలియలేదు.

ఆషాఢం మనం వద్దంటాం, శ్రావణం వాళ్లు వద్దంటారు, భాద్రపదం శూన్యమాసమని మళ్లీ మనమే అంటాం. ఈసారి జూలై మధ్య నుంచి దసరా దాకా ఆశ వదులుకోండి. అన్ని ఏళ్లూ ఇంతే అనుకోకండి. వాళ్లకూ అధికమాసం ఉంది, కానీ అది 2025లోనే వచ్చింది, మనకు 2026లో. అందుకే 2025లో ఏడో నెల శ్రావణం మీద పడలేదు.

తర్వాత మీ జంతువు అడుగుతారు. వాళ్లకు ఏడాదికో జంతువు పేరు, మొత్తం పన్నెండు; పుట్టిన ఏడాదిదే మీ జంతువు. జనవరిలో పుట్టినవాళ్లు తొందరపడి చెప్పకండి. 1995లో వాళ్ల కొత్త సంవత్సరం జనవరి 31న వచ్చింది. జనవరి 15న పుట్టినవాడు పంది కాదు, అంతకు ముందటి కుక్క. కుక్కకు ఎదురు డ్రాగన్. వాళ్ల పంచాంగం 'తుంగ్ షింగ్'లో పన్నెండు రోజులకొకసారి డ్రాగన్ రోజు వస్తుంది, దాన్ని కొట్టేస్తారు. అమ్మాయి జంతువుకూ అంతే.

ముందుగా వాళ్లు వద్దన్న తేదీలు రాసి తెచ్చుకుని, సిద్ధాంతిగారికి పంపండి. లగ్నం సింగపూర్‌కే గణించమనండి. హైదరాబాద్ సమయానికి రెండున్నర గంటలు కలిపితే తిథి సరిపోతుంది, లగ్నం సరిపోదు. తెల్లవారుజాము మూడింటి ముహూర్తం మాత్రం వద్దనండి. పొద్దున్నే పెద్దలందరికీ టీ అందించే తంతులో మీరు కునికిపాట్లు పడకూడదు.