బాల్సా చెక్కతో వ్యోమనౌకలు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: కిట్ కొనకుండా, నా ఊహలో ఉన్న వ్యోమనౌకను మొదటి నుంచీ నా చేతులతోనే తయారుచేయాలని ఉంది. బాల్సా తేలికైన చెక్క కనుక ఎగిరే విమానాల నమూనాలకు వాడతారని తెలుసు. ఎగరవలసిన పని లేని, బల్ల మీద నిలిపి ఉంచే నౌకకు కూడా అది తగినదేనా?

జవాబు: తగినదే, కాని ఈ పనిలో మనకు అక్కరకు వచ్చేది దాని తేలికదనం కంటే మెత్తదనం. బాల్సా మధ్య, దక్షిణ అమెరికాల ఉష్ణమండల అడవులలో పుట్టిన చెట్టు. ఈనాడు ప్రపంచానికి అందే బాల్సాలో ఎక్కువ భాగం ఈక్వెడార్ నుంచే వస్తుంది. పలుచని గోడలున్న కణాలలో నీరు నింపుకొని వేగంగా పెరుగుతుంది కనుక, ఆ నీటిని ఆరబెట్టాక మిగిలే చెక్క ఘనపు మీటరుకు సాధారణంగా 100 నుంచి 200 కిలోలే తూగుతుంది. టేకు సుమారు 650 కిలోలు తూగుతుందని గుర్తు చేసుకుంటే తేడా ఎంతో తెలుస్తుంది. వెడల్పాటి ఆకుల చెట్టు కావడం వల్ల వృక్షశాస్త్రం దీనిని ‘గట్టి చెక్క’ల జాబితాలో చేర్చింది గాని, గోటితో నొక్కితే చాలు, సొట్ట పడుతుంది. ఈ మెత్తదనం వల్లనే రంపాలూ యంత్రాలూ లేకుండా, పదునైన బ్లేడు, ఉప్పు కాగితం, ఇనుప స్కేలు ఉంటే నౌక మొత్తాన్ని మలచవచ్చు.

చెక్క నౌక, కిట్‌లో వచ్చే ప్లాస్టిక్ నౌకకు తక్కువేమో అన్న సందేహం కూడా కొందరికి ఉంటుంది. స్టార్ ట్రెక్ ధారావాహిక చిత్రీకరణ కోసం 1964లో తయారైన 11 అడుగుల ఎంటర్‌ప్రైజ్ నౌక నమూనాలో పోప్లర్ చెక్క ప్రధానమైన భాగం. ఆ నమూనా ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ వైమానిక, అంతరిక్ష మ్యూజియంలో ఉంది. పైపూత బాగా కుదిరితే లోపల ఏ పదార్థముందో కంటికి తెలియదు.

కొనేటప్పుడు ప్రతి పలకనూ చేతిలోకి తీసుకొని చూడండి. ఒకే కొలత గల రెండు పలకలలో ఒకటి రెండోదానికి రెట్టింపు బరువుండవచ్చు. తేలికైనదాన్ని చెక్కవలసిన లావు భాగాలకు, బరువైనదాన్ని రెక్కల అంచుల వంటి సన్నని భాగాలకు వేరుగా పెట్టుకోండి.

ప్రశ్న: నౌక ఆకారాన్ని కాగితం మీద గీసుకున్నాను. పొడవు 40 సెంటీమీటర్లు అనుకున్నాను. కల్పిత నౌకకు కూడా స్కేలు నిర్ణయించుకోవాలా?

జవాబు: తప్పకుండా నిర్ణయించుకోవాలి, అదీ చెక్క కోయకముందే. అపోలో యాత్రల సాటర్న్ 5 రాకెట్ ఎత్తు 110.6 మీటర్లు కనుక, 144వ వంతు స్కేలులో అది దాదాపు 77 సెంటీమీటర్లు అవుతుందని లెక్క కట్టవచ్చు. ఊహలో పుట్టిన నౌకకు అటువంటి కొలత ఎక్కడా దొరకదు కాబట్టి దాన్ని మీరే ఇవ్వాలి. అందుకు మనిషిని ఆధారం చేసుకోవడం కంటే మంచి మార్గం నాకు కనిపించలేదు.

మనిషి దూరే తలుపు రెండు మీటర్ల ఎత్తు అనుకుందాం. మీ 40 సెంటీమీటర్ల చెక్క మీద ఆ తలుపును రెండు సెంటీమీటర్లు గీస్తే స్కేలు 100వ వంతు, నౌక పొడవు 40 మీటర్లు. అదే తలుపును రెండు మిల్లీమీటర్లు గీస్తే స్కేలు 1000వ వంతు, నౌక 400 మీటర్లు. చెక్క అదే, ఆకారం అదే. తలుపు కొలత మారేసరికి చిన్న పడవ కాస్తా తేలియాడే పట్టణమైపోయింది. కిటికీల వరుసల మధ్య దూరం, పలకల అతుకుల గీతలు, యాంటెన్నాల మందం, అన్నీ ఈ ఒక్క కొలతనుంచే రావాలి. అంతస్తు ఎత్తు మూడు మీటర్లనుకుంటే, 1000వ వంతు స్కేలులో కిటికీల వరుసలు మూడేసి మిల్లీమీటర్ల ఎడంలో ఉండాలి. చాలా నౌకలు బొమ్మల్లా కనిపించడానికి కారణం పనితనం లోపించడం కాదని, ఒక చోట పెద్ద కిటికీ, పక్కనే చిన్న తలుపు పెట్టి కంటిని తికమకపెట్టడమేనని నా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: నా నౌక ముందు భాగం పళ్లెంలా గుండ్రంగా, మధ్యలో ఉబ్బెత్తుగా ఉంటుంది. తరిమెన (లేత్ యంత్రం) లేకుండా దాన్ని సమంగా ఎలా తెచ్చుకోవాలి?

జవాబు: మూడు మిల్లీమీటర్ల పలకలను పెద్దవి కింద, చిన్నవి పైన ఉండేలా వృత్తాలుగా కోసి, మెట్లు మెట్లుగా అతికించండి. ప్రతి వృత్తానికీ కేంద్రంలో సన్నని రంధ్రం చేసి, అన్నింటినీ ఒకే గుండ్రటి పుల్లకు గుచ్చితే కేంద్రం తప్పదు. ఒక పొరలోని నారపోగులు నిలువుగా ఉంటే దాని మీది పొరలోవి అడ్డంగా ఉండాలి. అలా చేయకపోతే తేమ మారినప్పుడల్లా పళ్లెం ఒకవైపుకు వంగుతుంది.

ఇక రుద్దడం. ఎంతవరకు రుద్దాలో చెప్పే గుర్తులు కూడా ఈ మెట్లే. మెట్టు లోపలి మూల సరిగ్గా మాయమయ్యే చోట ఆగితే మీరు గీసుకున్న వంపు మీకు దక్కుతుంది. ఇంకొక సంగతి ఉంది, నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైనది అదే. రుద్దుతున్నకొద్దీ పొరల మధ్య జిగురు గీతలు పైకి తేలి, కొండల పటంలోని ఎత్తు రేఖల్లా కనిపిస్తాయి. అవి ఒకే కేంద్రం చుట్టూ చక్కని వలయాలుగా ఉంటే మీ ఉబ్బు సమంగా ఉన్నట్టు. ఒక పక్క వలయాలు దగ్గరపడితే అక్కడ వాలు ఎక్కువగా ఉన్నట్టు, దూరమైతే చదునైనట్టు. కొలిచే పరికరం కంటే ముందుగా మీ కళ్లే తప్పును పట్టుకుంటాయి.

అయితే ఎండిన జిగురు బాల్సా కంటే గట్టిది కనుక, ఎక్కువగా పూస్తే చుట్టూ ఉన్న చెక్క అరిగిపోయి జిగురు గట్టులా నిలబడిపోతుంది. కాబట్టి పలుచగా పూయండి, అంచుల దగ్గర దాదాపు వదిలేయండి. ఉప్పు కాగితాన్ని వేళ్లతో పట్టుకొని రుద్దకుండా చదునైన చెక్కముక్కకు అతికించి వాడండి. వేలు మెత్తని చోటును వెతుక్కుంటూ గుంటలు చేస్తుంది. చెక్కపొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, ముఖానికి మాస్కు తప్పనిసరి.

ప్రశ్న: రంగు వేసి ఎంత ఆరబెట్టినా నా నౌక మీద చెక్క చారలు కనిపిస్తూనే ఉన్నాయి. ఎన్ని పూతలు వేసినా రంగు లోపలికి ఇంకిపోతోంది. ఏం చేయాలి?

జవాబు: రంగుతో ఆ చారలను కప్పలేరు, రంగు వేసేలోపే అవి పోవాలి. బాల్సాలోని నాళాలు తెరిచిన గొట్టాల వంటివి. వాటిని నింపకుండా వేసిన రంగు కొంత లోపలికి దిగి, మిగిలినది చారల ఆకారాన్నే పట్టుకొని ఆరుతుంది. ముఖ్యంగా పోగులు తెగిన కొసల దగ్గర అది స్పాంజిలా పీల్చుకుంటుంది.

మొదట 240 నంబరు, తర్వాత 320 నంబరు ఉప్పు కాగితంతో పోగుల వాలు వెంబడే రుద్ది, పొడిని మెత్తని కుంచెతో దులపండి. శాండింగ్ సీలరులో (చెక్క నాళాలను పూడ్చే పూతలో) కొద్దిగా టాల్కం పొడి కలిపి, పలుచని పాలలా చేసి పూయండి. మొదటి పూతకే నూగులా పోగులు లేచి నిలుస్తాయి. ఇది చూసి చెక్క పాడైందనుకోవద్దు, పోగులు తడికి లేచాయంతే. పూర్తిగా ఆరనిచ్చి, ఆ పూతను దాదాపు మొత్తం తీసివేసేలా రుద్దండి. కష్టపడి పూసినది తీసివేయడం మనసుకు నచ్చదు, కాని నాళాల్లో దిగినది మాత్రమే మనకు కావలసినది. మూడు నుంచి ఐదు సార్లు ఇలా చేయవలసి వస్తుంది. పెద్ద చదునైన భాగాలకైతే పలుచని టిష్యూ కాగితాన్ని సీలరుతోనే అతికించడం మరింత నమ్మకమైన పద్ధతి.

ఆపైన బూడిదరంగు ప్రైమరు చల్లి, ఒకే పక్క నుంచి దీపం పడేలా పెట్టి చూడండి. అప్పటిదాకా దాగిన గుంటలన్నీ నీడలుగా బయటపడతాయి. వాటిని పెన్సిలుతో చుట్టి, లప్పం పెట్టి, ఆరాక 400 నంబరు కాగితంతో మళ్లీ రుద్దండి. చేతి నుంచి జారి ఏదైనా పడి సొట్ట ఏర్పడితే, సీలరు పూయకముందే ఒక నీటి చుక్క వేసి ఉంచండి. నలిగిన కణాలు నీరు తాగి తిరిగి లేస్తాయి. నా లెక్కలో నౌక మీద పెట్టే సమయంలో సగం ఈ దశకే చెందాలి.

ప్రశ్న: సన్నని రెక్కలు రంగు వేసిన మర్నాటికి వంకరపోయాయి.

జవాబు: ఒకవైపే పూసి ఉంటారు. నేను చేసిన మొదటి నౌకకు కూడా నాలుగు రెక్కలూ ఇలాగే విల్లుల్లా వంగిపోయాయి, వాటిని తీసి పారేసి మళ్లీ కోయవలసి వచ్చింది. పూసిన వైపు ఆరుతూ ముడుచుకుంటుంది, రెండో వైపు దాన్ని అడ్డుకోలేదు. రెండు వైపులా ఒకే రోజు, ఒకే మందంతో పూసి, ఆరేదాకా రెండు చదునైన పలకల మధ్య నిలువుగా గాలి ఆడేలా ఉంచండి. వీలైతే, పలకను వెలుగులో అటూ ఇటూ తిప్పినప్పుడు చిన్న చిన్న మెరిసే మచ్చలు కనిపించేది రెక్కలకు ఎంచుకోండి. అది అడ్డంగా వంచితే వంగదు, విరుగుతుంది. దాని బిగుతే రెక్కకు బలం. గుండ్రటి గొట్టానికి చుట్టవలసిన పలకకు మాత్రం ఆ మచ్చలు లేనిదే కావాలి. దాన్ని గోరువెచ్చని నీటితో తడిపి సీసాకు చుట్టి, గుడ్డతో కట్టి ఆరబెడితే వంపు నిలుస్తుంది.

ప్రశ్న: తెల్ల జిగురా, సూపర్ గ్లూనా?

జవాబు: మలచవలసిన పొరలకు తెల్ల జిగురు, కుదుర్చుకోవడానికి సమయం ఇస్తుంది. పైన అతికే చిన్న ముక్కలకు సూపర్ గ్లూ, అదీ చుక్క మాత్రమే. పలుచని సూపర్ గ్లూ బాల్సాలోకి ఒక్కసారిగా దిగి వేడెక్కుతుంది, కళ్లు మండించే ఆవిరి కూడా లేస్తుంది. కిటికీ తెరిచి, ముఖం కొంచెం దూరంగా పెట్టి వాడండి.

ప్రశ్న: పూర్తయిన నౌకను స్టాండు మీద నిలబెట్టడానికి కింద స్క్రూ బిగిస్తే రెండు రోజుల్లోనే ఊడి వచ్చింది.

జవాబు: బాల్సా స్క్రూ మరలను పట్టి ఉంచలేదు. ఇక మీదట నౌక కడుపులో, బరువు సమతూకంగా నిలిచే చోట, గట్టి చెక్క ముక్క ఒకదానిని మొదటి రోజే అతికించి, అందులో ఇత్తడి గొట్టం దింపుకోండి. సమతూకపు చోటు తెలుసుకోవడానికి, సీలరు పూయకముందే నౌకను రెండు వేళ్ల మీద నిలిపి చూడవచ్చు. ఇప్పుడు ఉన్న నౌకకైతే రంధ్రాన్ని సుమారు రెండు సెంటీమీటర్ల వెడల్పుకు తొలిచి, అదే కొలత గల గట్టి చెక్క బిరడాను ఎపాక్సీ జిగురుతో బిగించి, ఒక రోజంతా ఆరాక దానిలోకి స్క్రూ దింపండి. నౌకలో దీపాలు పెట్టే ఉద్దేశం ఉంటే వైర్లు ఈ ఇత్తడి గొట్టం గుండానే దిగుతాయి కనుక, గొట్టం లోపలి వెడల్పును ముందే చూసుకోండి.