జీన్స్ ప్యాంటు ఉతికేకొద్దీ ఎందుకు వెలిసిపోతుంది?

జీన్స్‌కి వేసే నీలిమందు నూలు పోగు లోపలిదాకా ఇంకదు, పైపైనే అంటుకుని ఉంటుంది కాబట్టి రాపిడికీ ఉతుకుకీ కొద్దికొద్దిగా ఊడిపోతుంది.

నీలిమందు నీళ్లలో కరగదు. అందుకే క్షార ద్రావణంలో రసాయనాలు వేసి కరిగే రూపంలోకి మారుస్తారు, అప్పుడది పసుపుపచ్చగా ఉంటుంది. నూలును అందులో ముంచి పైకి తీస్తే గాలి తగిలి నీలంగా మారి, మళ్లీ కరగని పదార్థమై పోగు చుట్టూ పొరలా పట్టేస్తుంది. ఇలా పదేపదే ముంచినా పోగు నడిమధ్య తెల్లగానే మిగులుతుంది. పాత జీన్స్ మోకాలి దగ్గర చూడండి, నిలువు పోగుల మీది నీలం అరిగి లోపలి తెలుపు బయటపడి ఉంటుంది (అడ్డపోగులకు మామూలుగా రంగే వేయరు, ప్యాంటు తిరగేస్తే తెల్లగా కనిపించేది అందుకే).

రంగు పోతే నాసిరకం సరుకని చాలామంది అనుకుంటారు. కాదు, ఖరీదైన డెనిమ్ కూడా వెలుస్తుంది, ఆ వెలిసిన అందం కోసమే కొనేవాళ్లున్నారు. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు ఆగుతుందన్నదీ ఉత్తమాటే. తిరగేసి, చన్నీళ్లలో, తక్కువసార్లు ఉతికితే వెలిసిపోవడం నెమ్మదిస్తుంది, అంతే.