మషికో వెళ్తున్న అమ్మలుకి

అమ్మలూ,

జపాన్‌లోని మషికో వెళ్లి కుండల పని నేర్చుకుంటానన్నావట, మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. గర్వంగా అనిపించింది. ఆ రాత్రే టెన్షన్ కూడా మొదలైంది.

చలికి స్వెట్టర్లు పెట్టుకో. గోళ్లు పెంచకు. గురువు సారె మీద ఉన్నప్పుడు మాట్లాడించకు.

నాతోపాటు పని నేర్చుకున్న ఒకావిడకి జపాన్ కుమ్మరి హమదా షోజీ కుండలంటే ప్రాణం. ఆయన గరిటెతో పళ్లెం మీద ఒక్క ఊపున పోసే పూత చారలనే ఏళ్ల తరబడి సాధన చేసింది. చెయ్యి బాగానే తిరిగింది. కానీ పూత పొడులన్నీ ఎక్కడెక్కడినుంచో తెప్పించేది, తన ఊరి చెరువు మట్టిని ఒక్కసారీ పిసికి చూడలేదు. ఆమె పళ్లేలు చూసినవాళ్లంతా హమదాని మెచ్చుకుని వెళ్లిపోయేవారు. చివరికి విసిగిపోయి సారె అమ్మేసింది. అంత మంచి చెయ్యి! తలుచుకుంటే ఇప్పటికీ బాధే. నీ గురించి నా భయమూ అదే.

హమదా 1920లో ఇంగ్లిష్ కుమ్మరి బెర్నార్డ్ లీచ్‌తో ఇంగ్లండ్ వెళ్లి, సెయింట్ ఐవ్స్‌లో ఆవం కట్టడానికి తోడున్నాడు. తిరిగొచ్చి, టోక్యోకి ఉత్తరాన వంటింటి జాడీలూ టీ కూజాలూ చేసుకునే మషికోలో స్థిరపడ్డాడు. అక్కడి మట్టి గరుకు, జిగురు తక్కువ, సన్నగా లాగితే నిలవదు. అందుకే ఆయన కుండలు దిట్టంగా ఉంటాయి. పూతలూ అక్కడివే: ఊళ్లో దొరికే రాతి పొడితో ఎర్రగోధుమ రంగు 'కకి', వరి ఊక బూడిదతో తెల్లపూత. 1955లో జపాన్ ప్రభుత్వం సజీవ జాతీయ నిధిగా గుర్తించాక కూడా కుండ మీద తన పేరు వేసుకోలేదు. నువ్వు చూసి రావలసింది ఈ పద్ధతిని. ఆ చారలు నీకెందుకు?

ఊక అంటే గుర్తొచ్చింది. చిన్నప్పుడు నువ్వు రైస్ మిల్లు వెనక ఊక కుప్పలో దొర్లి, ఒళ్లంతా దురదని ఏడుస్తుంటే కొబ్బరినూనె రాసి నా పక్కనే పడుకోబెట్టుకున్నాను. ఇప్పుడు ఆ బూడిద జల్లించేటప్పుడు నీ పక్కన నేనుండను. మాస్క్ తీశావో ఊరుకోను! అందులో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తుల్లో చేరితే పోదు. షెడ్డులో చీపురు పట్టకు, తడిగుడ్డతో తుడువు. నీకసలే దగ్గెక్కువ, తల్లీ.

వెళ్లేలోపు మన చెరువు మట్టితో నాలుగు గిన్నెలు చేసి కాల్చు. ఏది ఎక్కడ పగిలిందో రాసిపెట్టుకుని, పెంకులతో సహా అక్కడి గురువుకి చూపించు.

మీ పెద్దమ్మ