మీ నాయన సొమ్ము వెతకవలసిన తీరు

నల్లగొండ

చిరంజీవి మేనకోడలికి మామ ఆశీస్సులు.

బావ పెద్దకర్మ అయి నెల దాటింది. సందూగ అడుగున నాలుగు పాసుపుస్తకాలు, ఒక బీమా బాండు, చిరిగిపోయిన పీఎఫ్ చీటీ దొరికాయని, వాటిని పట్టుకొని ఎక్కడికి పోవాలో తోచడం లేదని నువ్వు ఫోనులో చెప్పినప్పుడు, మాటల్లో చెబితే సగం మరచిపోతావని వివరంగా రాస్తానన్నాను. ముప్పై ఏళ్లకు పైగా గ్రామీణ బ్యాంకు కౌంటరు వెనుక కూర్చున్నవాణ్ణి కనుక మొదట ఒక సంగతి గట్టిగా చెబుతున్నాను. ఆ కాగితాల్లో ఒక్కటి కూడా పారేయవద్దు. పాసుపుస్తకంలో చివరి వరుసలో నూరు రూపాయలే కనిపించినా, అదే పుస్తకం నంబరు కింద మరచిపోయిన ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉన్న కుటుంబాలను నేను చూశాను.

పాత సొమ్ము వెతకడానికి ముందే, ఆలస్యం చేయకూడని పని ఒకటి ఉంది. బావ పేరున పట్టాదారు పాసుపుస్తకం ఉంది, ఆయన వయసు 57. 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారు రైతు ఏ కారణంతో మరణించినా నామినీకి 5 లక్షల రూపాయలు ఇచ్చే రైతుబీమా 2018 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఉంది. ప్రీమియం ప్రభుత్వమే ఎల్ఐసీకి కడుతుంది. మీ క్లస్టరు వ్యవసాయ విస్తరణాధికారిని వెంటనే కలిసి, బావ పేరు ఆ ఏడాది జాబితాలో నమోదై ఉందా, నామినీగా అక్క పేరే ఉందా, అందులో ఆధార్ నంబరు సరిగ్గా ఎక్కిందా అని అడుగు. మరణ సమాచారం తనకు అందిందని ఆయన చెప్పినంత మాత్రాన సరిపెట్టుకోకుండా, క్లెయిము పంపిన తేదీ కూడా రాసుకో. తహసీల్దారు కార్యాలయంలో జాతీయ కుటుంబ ప్రయోజన పథకం గురించి కూడా అడగాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న ఇంట్లో సంపాదించే మనిషి 60 ఏళ్లు నిండకముందే పోతే ఆ కుటుంబానికి ఒకసారి 20,000 రూపాయలు ఇస్తారు. ఈ పథకం పేరు వినని ఇళ్లే మన పల్లెల్లో ఎక్కువ.

ఇక పాత సొమ్ము సంగతి. అందరూ మొదట కంప్యూటరు దగ్గరికి పరుగెత్తుతారు. నువ్వు ముందు ఒక తెల్లకాగితం తీసుకో. మీ నాయన ఏ ఊళ్లో, ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా, ఏ పని చేస్తూ ఉన్నారో అక్కను, మీ చిన్నాయనలను అడిగి వరుసగా రాయి. నాకు గుర్తున్నంతవరకు ఆయన పెళ్లికి ముందు అచ్చంపేటలో ఉన్నారు, తరువాత మూడేళ్లు హుజూర్‌నగర్ దిక్కు సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేశారు, ఆ తరువాతే దేవరకొండ దగ్గర సేద్యానికి వచ్చారు. ఉన్న ప్రతి చోటా ఆయన ఏదో ఒక కౌంటరు దగ్గర వేలిముద్రో సంతకమో పెట్టే ఉంటారు. బ్యాంకు, తపాలా కార్యాలయం, సహకార సంఘం, బీమా ఏజెంటు, పీఎఫ్ అని పక్కన గడులు గీసి, ఏ ఊళ్లో ఏది ఉండి ఉండవచ్చో నింపు. వెతుకులాటలో సగం పని ఆ కాగితం మీదే తీరుతుంది.

ఈ కాగితం ఎందుకు అవసరమంటే, ఆయన అప్పుడు చూసిన బోర్డుల్లో చాలా భాగం ఇప్పుడు లేవు. నీకు దొరికిన పుస్తకాల్లో ఒకదాని మీద ‘సంగమేశ్వర గ్రామీణ బ్యాంకు’ అని ఉందన్నావు. అది పాలమూరు జిల్లా బ్యాంకు. మన నల్లగొండలో ఉన్నది నాగార్జున గ్రామీణ బ్యాంకు. 2006లో ఈ రెండూ మరికొన్ని బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు అయ్యాయి. 2025 జనవరి 1 నుంచి దాని తెలంగాణ శాఖలన్నీ తెలంగాణ గ్రామీణ బ్యాంకులో చేరాయి. అంటే ఒకే ఖాతా రెండుసార్లు పేరు మార్చుకుంది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసింది. ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులోనూ, సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులోనూ 2020 ఏప్రిల్ 1న కలిశాయి. విలీనమైన బ్యాంకులోని డిపాజిటుకు కొత్త బ్యాంకే బాధ్యురాలు కనుక, ‘ఆ బ్యాంకు ఇప్పుడు లేదు’ అని ఎవరైనా అంటే ఆ జవాబుతో వెనక్కి రావద్దు. ఇప్పటి బ్యాంకు పేరు చెప్పి, పాత శాఖ రికార్డులు ఏ శాఖకు చేరాయో అడుగు.

జిల్లాల పేర్లు కూడా ఇలాగే మారాయి. 2016 అక్టోబరు 11న అచ్చంపేట నాగర్‌కర్నూల్ జిల్లాలోకి, హుజూర్‌నగర్ సూర్యాపేట జిల్లాలోకి పోయాయి. పాత రికార్డులో మహబూబ్‌నగర్ అని, నల్లగొండ అని మాత్రమే ఉంటుంది కనుక, చిరునామాతో వెతికేటప్పుడు పాత జిల్లా పేరు కూడా వాడాలి. మనుషుల పేర్లతో ఇంకా చిక్కు. మీ నాయన పేరు ఆధార్‌లో ఇంటిపేరు మొదట వచ్చేటట్లు ఉంది. పాత పుస్తకంలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరమే. ఆయన పేరును ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయవచ్చో అన్ని రకాలుగా రాసుకొని, ఒక్కొక్కటి పెట్టి చూడాలి. మన పల్లెల్లో తండ్రి పేరు లేకుండా ఖాతాలు తెరిచిన రోజులు కూడా ఉండేవి కనుక, ఊరి పేరు, ఇంటి నంబరు కూడా దగ్గర ఉంచుకో.

ఇన్నేళ్లు ఎవరూ అడగని సొమ్ము ఏమవుతుందన్నది నీ అసలు ప్రశ్న. పొదుపు ఖాతాలో రెండేళ్లకు పైగా ఖాతాదారు ఏ లావాదేవీ చేయకపోతే దాన్ని పనిచేయని ఖాతాగా గుర్తిస్తారు. పదేళ్లు అలాగే ఉంటే, 2014లో రిజర్వు బ్యాంకు ఏర్పాటు చేసిన డిపాజిటర్ల విద్య, చైతన్య నిధికి ఆ మొత్తాన్ని పంపుతారు. అక్కడికి పోయినా అది ప్రభుత్వపరం అయినట్లు కాదు. హక్కుదారు ఎప్పుడు వచ్చి అడిగినా బ్యాంకు ముందు తాను చెల్లించి, తరువాత ఆ నిధి నుంచి రాబట్టుకుంటుంది. వడ్డీ వచ్చే ఖాతా అయితే నిధిలో ఉన్న కాలానికి కూడా వడ్డీ కలుస్తుంది. 2021 మే 11 నుంచి ఆ రేటు 3 శాతం. కాబట్టి పదేళ్లు దాటిందని అధైర్యపడవద్దు.

ఈ నిధికి చేరిన డిపాజిట్లను వెతకడానికి రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ‘ఉద్గమ్’ అనే పోర్టలు తెచ్చింది. మొబైలు నంబరుతో నమోదై, ఖాతాదారు పేరు, బ్యాంకు పేరు ఇచ్చి, దానితోపాటు పాన్, ఓటరు కార్డు, పుట్టిన తేదీ వంటి వాటిలో ఒకటి ఇస్తే వెతుకుతుంది. దొరికితే ఒక గుర్తింపు సంఖ్య చూపిస్తుంది, దాన్ని రాసుకోవాలి. అయితే ఉద్గమ్‌లో కనపడలేదంటే సొమ్ము లేదని అర్థం కాదు. పదేళ్లు నిండని ఖాతాలు అందులో ఉండవు. అన్ని బ్యాంకులూ అందులో లేవు. గ్రామీణ బ్యాంకు, జిల్లా సహకార కేంద్ర బ్యాంకు పుస్తకాలు దొరికినప్పుడు నేరుగా శాఖకే పోవడం మేలు. పైగా ఆ పోర్టలు వెతకడానికే; డబ్బు మాత్రం బ్యాంకు శాఖలోనే అడగాలి.

శాఖకు పోయేటప్పుడు చేతిలో ఉండవలసినవి చెబుతాను. పంచాయతీ ఇచ్చిన మరణ ధ్రువపత్రం ప్రతులు కనీసం పది, మీసేవలో దరఖాస్తు చేస్తే తహసీల్దారు కార్యాలయం నుంచి వచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, అక్క ఆధార్, పాన్, పాసుపుస్తకం, రెండు ఫొటోలు. పేర్లలో తేడా ఉంటే ఆ రెండు పేర్లూ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్. ఖాతాలో నామినీ పేరు ఉంటే, మొత్తం ఎంతైనా సరే, కోర్టు నుంచి వారసత్వ ధ్రువపత్రం తెమ్మని బ్యాంకు అడగకూడదు. కాగితాలన్నీ అందిన 15 రోజుల్లో క్లెయిము తేల్చాలని రిజర్వు బ్యాంకు నియమం. నామినీ లేకపోతే చిన్న మొత్తాలకు వారసులందరి సంతకాలతో, పూచీ పత్రంతో పని అవుతుంది. పెద్ద మొత్తమైతేనో, వారసుల మధ్య తగాదా ఉంటేనో కోర్టు దాకా పోవలసి రావచ్చు. అటువంటప్పుడు వకీలు ఖర్చుకు భయపడకు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. 15100కు ఫోను చేసినా చెబుతారు.

ఇక్కడ నా అనుభవం ఒకటి రాయాలి, ఎందుకంటే అది నన్ను చాలా కాలం బాధపెట్టింది. మా నాయన పోయిన తరువాత ఆయన డిపాజిటు కోసం ఒక బ్యాంకు శాఖకు ఆరుసార్లు తిరిగాను. పోయిన ప్రతిసారీ నోటితో అడిగాను, వాళ్లు నోటితోనే ఇంకో కాగితం కావాలన్నారు. బ్యాంకులో పనిచేసే నేనే దరఖాస్తు రాసి ఇవ్వలేదు! ఏడోసారి రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద అందినట్లు సంతకం, ముద్ర, తేదీ వేయించుకున్నాను. మూడు వారాల్లో డబ్బు మా అమ్మ ఖాతాలో పడింది. నువ్వు మొదటి రోజే రాసి ఇవ్వు. ముద్ర వేయడానికి ఒప్పుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకో. బ్యాంకుకు రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చిన 30 రోజుల్లో జవాబు రాకపోతే, లేదా ఆ జవాబు న్యాయంగా లేకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. 14448 నంబరులో దారి చెబుతారు. ఆ ముద్ర పడిన ప్రతి అప్పుడే అక్కరకు వస్తుంది.

నామినీ గురించి ఇంకొక మాట, ఇది ఇంటి లోపలి సంగతి కనుక జాగ్రత్తగా విను. అచ్చంపేట ఖాతా పెళ్లికి ముందుది. అందులో నామినీగా మీ నాయనమ్మ పేరో, చిన్నాయన పేరో ఉండవచ్చు. నామినీ అంటే బ్యాంకు నుంచి సొమ్ము అందుకొనే మనిషి మాత్రమే. ఆ సొమ్ము మీద హక్కు చట్టప్రకారం వారసులది. చిన్నాయన సంతకం కావలసి వస్తే, వాదనతో కాకుండా ఈ ముక్క ముందే మర్యాదగా చెప్పి తీసుకో. రెండువేల కోసం అన్నదమ్ముల పిల్లలు మాటలు మానుకున్న ఇళ్లు నాకు తెలుసు.

పీఎఫ్ చీటీ విలువైనది. 2014కు ముందే పని మానినవారికి యూఏఎన్ (పీఎఫ్ సభ్యునికి ఇచ్చే ఒకే శాశ్వత సంఖ్య) ఉండదు, ఫ్యాక్టరీ కోడుతో కూడిన పాత పీఎఫ్ నంబరే ఉంటుంది. అదే ఆ చీటీ మీద ఉన్నది. దాన్ని మడతల దగ్గర చినగకుండా ఈరోజే జిరాక్సు తీయించు. మరణించిన సభ్యుని పీఎఫ్ కోసం ఫారం 20 ఇవ్వాలి; పింఛను నిధి సొమ్ముకు ఏ ఫారం కావాలో పీఎఫ్ కార్యాలయంలో అడుగు. బావ కాంట్రాక్టరు కింద చేరారా, కంపెనీలోనే చేరారా అన్నది ఆయనతో పనిచేసినవాళ్లలో ఎవరినైనా అడిగి తెలుసుకో. చందా ఎవరి కోడు కింద కట్టారన్నది దాన్ని బట్టే తేలుతుంది.

బీమా బాండు మీద కిస్తులు మధ్యలో ఆగిపోయాయని అక్క అన్నది. పాత పాలసీల్లో మూడేళ్లు కట్టి ఆపేసినా పెయిడప్ విలువ (కట్టిన కిస్తుల మేరకు తగ్గిన బీమా మొత్తం) మిగులుతుంది కనుక బాండు తీసుకొని ఎల్ఐసీ శాఖకు పో. వెయ్యి రూపాయలు, అంతకు మించిన క్లెయిము కాని మొత్తాలను బీమా సంస్థలు తమ వెబ్‌సైటులో వెతికే వీలు కల్పించాలి. పదేళ్లు దాటినవి వృద్ధుల సంక్షేమ నిధికి పోతాయి, అయినా ఆ తరువాత 25 ఏళ్ల వరకు అడగవచ్చు. తపాలా పొదుపు ఖాతాల పాత సొమ్ము కూడా ఆ నిధికే చేరుతుంది, అడగవలసినది తపాలా కార్యాలయంలోనే. షేర్లు, డివిడెండ్ల సంగతి మనకు లేదు.

రెండు సంగతులు నువ్వు అడగకపోయినా రాస్తున్నాను. ఒకటి, పీఎం కిసాన్ వంటి పథకాల డబ్బు ఆధార్ ఆధారంగా జమ అయ్యేటప్పుడు, చివరగా ఆధార్ అనుసంధానమైన బ్యాంకుకే పోతుంది. అక్కకు ఎప్పుడో పొదుపు సంఘం కోసం తెరిచిన ఖాతా ఒకటి ఉంది కదా. ఆమెకు రావలసిన డబ్బులు అందులో పడుతూ ఉండవచ్చు. ఆధార్ వెబ్‌సైటులో బ్యాంకు అనుసంధాన స్థితి చూస్తే ఏ బ్యాంకో తెలుస్తుంది. ఆ ఖాతా పనిచేయకుండా ఆగి ఉంటే, తిరిగి తెరవడానికి రుసుము గానీ, కనీస నిల్వ లేదని జరిమానా గానీ వేయకూడదని 2024 ఏప్రిల్ 1 నుంచి నియమం ఉంది.

రెండోది, మీ తాత భూమిలో కొంత కాలువ కింద పోయిందని బావ అనేవారు. భూసేకరణలో హక్కుదారు రాకపోయినా, వాటాల మీద తగాదా ఉన్నా పరిహారాన్ని పంచకుండా డిపాజిటు చేసి ఉంచుతారు. ఆ అవార్డు (పరిహారం నిర్ణయించిన ఉత్తర్వు) నకలు ఆర్డీవో కార్యాలయంలో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి అడుగు. పది రూపాయల ఖర్చు. సర్వే నంబరు, గ్రామం పేరు స్పష్టంగా రాయి.

ఇన్ని చోట్ల తిరుగుతున్నావని తెలిస్తే, సగం వాటాకు పని చేసిపెడతామని మనుషులు వస్తారు, రిజర్వు బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామని ఫోన్లు కూడా రావచ్చు. ఈ పనుల్లో దేనికీ కమీషను లేదు. ఓటీపీ, పిన్ను, ‘ముందు కొంత కట్టండి’ అన్న మాట వచ్చిందంటే ఫోను పెట్టేయి. పొరపాటున డబ్బు పోతే ఆ గంటలోనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చెప్పు. అక్క ఫోనుకు వచ్చే మెసేజీలు కొన్నాళ్లు నువ్వే చూడు.

వచ్చే మంగళవారం పొద్దున బస్సుకు నల్లగొండ రా. సందూగలోని కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో వేసుకో, అక్కను కూడా తీసుకొని రా, ఆమె సంతకాలు కావాలి. నేను బస్టాండు దగ్గర ఉంటాను. మొదట గ్రామీణ బ్యాంకుకు, అక్కణ్ణించి ఎల్ఐసీకి పోదాం. అచ్చంపేట ప్రయాణం వానలు తగ్గాక పెట్టుకుందాం. ఆలోగా ఊళ్లవారీగా రాయమన్న ఆ కాగితం పూర్తి చేసి ఉంచు.

ఇట్లు
మీ మామ