డాక్టర్ సలహా: బాబుకు ఏడీహెచ్‌డీ అంటే శిక్షణ మాకెందుకు?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. బాబుకు అయిదున్నరేళ్లు, యూకేజీ చదువుతున్నాడు. బడిలో ఒక్కచోట కూర్చోడు, ఇంట్లోనూ అంతే. హైదరాబాద్‌లో చూపిస్తే ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతి చురుకుదనం ఉండే సమస్య) కావచ్చన్నారు. మందులు రాయకుండా, ముందు తల్లిదండ్రులు బిహేవియర్ ట్రైనింగ్ తీసుకోవాలన్నారు. ‘పిల్లగానికి బాగలేకుంటే మీకెందుకు ట్రైనింగ్’ అని మా అత్తమ్మ అంటున్నది. రాత్రి నిద్రపోవడానికి మా ఊరి ఆర్ఎంపీ ఇచ్చిన జలుబు సిరప్ ఆరు నెలలుగా పోస్తున్నాం. అప్పుడప్పుడు తింటూ తింటూ ఆగి అట్లనే చూస్తాడు, పిలిచినా పలకడు. జ్ఞాపకశక్తికి మంచి టానిక్ చెప్పగలరు. – ఒక తల్లి

జవాబు: టానిక్ కొనకండి, దానివల్ల ఉపయోగం ఉండదు. మీరు మాటల మధ్యలో చెప్పి వదిలేసిన రెండు విషయాలు నన్ను ఎక్కువగా కలవరపెట్టాయి కాబట్టి ముందు వాటి గురించి చెబుతాను.

జలుబు లేని పిల్లవాడికి నిద్ర కోసం ఆరు నెలలు జలుబు మందు పోయడం సరికాదమ్మా. మన జిల్లాల్లో చాలా ఇళ్లలో ఇది అలవాటుగా మారింది కనుక కొంచెం గట్టిగానే చెబుతున్నాను. ఈ సిరప్‌లలో తరచుగా ఉండే క్లోర్‌ఫెనిరమిన్ వంటి మందులు కొందరు పిల్లల్లో నిద్రకు బదులు చికాకును, అల్లరిని పెంచుతాయి. నిద్ర తెప్పించినా ఆ మత్తు మర్నాడు తరగతి గది దాకా వెళ్లి ధ్యాసను ఇంకా తగ్గిస్తుంది. టీచర్ చెబుతున్న ఇబ్బందిలో కొంత ఈ మందు వల్లనే వస్తూ ఉండవచ్చు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడరాదని సీసాలపై ముద్రించాలంటూ 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది; మీ బాబు ఆ వయసు దాటినా, ఇవి నిద్ర కోసం పోసే మందులు మాత్రం కావు. సీసాపై లేబుల్ ఉండి, అది జలుబు మందేనని స్పష్టంగా తెలిస్తే ఈ రాత్రి నుంచే ఆపండి. లేబుల్ లేకపోతే మాత్రం సొంతంగా నిర్ణయం తీసుకోకండి. కొన్ని నిద్రమందులను హఠాత్తుగా ఆపితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంటుంది, అందువల్ల రేపే సీసాతో సహా పిల్లల డాక్టరును కలవండి.

రెండోది, తింటూ ఆగిపోవడం. అది కేవలం పరధ్యానం కావచ్చు. అయితే ఆబ్సెన్స్ అనే ఒక రకం ఫిట్స్‌లో పిల్లలు కింద పడరు, నురగ రాదు. కొన్ని సెకన్లు స్పృహ ఆగి, తర్వాత ఏమీ జరగనట్టే మళ్లీ తింటారు. భుజం తట్టినప్పుడు బాబు తేరుకుంటున్నాడో లేదో గమనించి, వీలైతే ఫోన్‌లో వీడియో తీసి డాక్టరుకు చూపించండి. ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాలను చూసే పరీక్ష) అవసరమా కాదా అన్నది వారు నిర్ణయిస్తారు. వినికిడి, చూపు, రక్తహీనత, రాత్రి గురక కూడా చూడకుండా ఏడీహెచ్‌డీ అని ఖాయం చేయకూడదు, ఉత్తరం చదివి నేను అసలే చేయలేను.

ఏడీహెచ్‌డీయే అయితే, హైదరాబాద్ డాక్టరు చెప్పినది సరైన సలహా. ఆరేళ్లలోపు పిల్లలకు మొదటి చికిత్స తల్లిదండ్రుల శిక్షణేనని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2019 మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. మీ పెంపకంలో లోపం ఉందని దాని అర్థం కాదని అత్తగారికి చెప్పండి. ఈ సమస్యలో వంశపారంపర్యం పాత్ర ఎక్కువ, గారాబం వల్ల ఇది రాదు. ఇలాంటి పిల్లలకు ఆలస్యంగా అందే ఫలితం పట్టదు కాబట్టి, రోజంతా పక్కన ఉండే మీరే వెంటనే స్పందించే పద్ధతి నేర్చుకోవాలి. దసరాకు సైకిల్ కొనిస్తామనే మాట వాడికి పనిచేయదు. చెప్పులు తీసి పక్కన పెట్టిన క్షణంలోనే ‘చెప్పగానే పెట్టినవ్, మంచిగుంది’ అనడం పనిచేస్తుంది. ‘కుదురుగా ఉండు’ అంటే ఏం చేయాలో వాడికి తెలియదు, అందుకే దగ్గరకు వెళ్లి, ముఖం చూస్తూ, ఒకసారికి ఒకే పని చెప్పాలి.

చాలా కుటుంబాలు మధ్యలో మానేసేది మొండితనాన్ని పట్టించుకోకుండా ఉండే దశలోనే. ప్రమాదం లేని అల్లరిని మీరు చూడనట్టు ఉండటం మొదలుపెట్టిన తొలి రోజుల్లో అరుపులు తగ్గవు, పెరుగుతాయి. ఇంతకుముందు ఫలించిన అరుపును పిల్లవాడు ఇంకా గట్టిగా ప్రయత్నిస్తాడు. సరిగ్గా అప్పుడే నానమ్మ జాలిపడి ఫోన్ చేతికిస్తే, అంత గట్టిగా అరిస్తేనే దొరుకుతుందని వాడు నేర్చుకుంటాడు. అందుకే ఇంట్లో పెద్దలందరూ ఒకే మాట మీద ఉండాలి, అత్తగారిని కూడా శిక్షణకు తీసుకెళ్లండి. అయితే రోడ్డు మీదికి పరిగెత్తడం, కొట్టడం వంటివాటిని చూడనట్టు వదిలేయకూడదు, వెంటనే ఆపాలి. బెత్తం మాత్రం వద్దు. దానివల్ల భయం, ఎదురుతిరగడం పెరుగుతాయి తప్ప ధ్యాస పెరగదు.

శిక్షణ సాధారణంగా రెండు మూడు నెలల పాటు వారానికొకసారి ఉంటుంది. ఎక్కడ దొరుకుతుందో నల్లగొండ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి పిల్లల విభాగంలో, మానసిక వైద్య విభాగంలో అడగండి; సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో మేధో వైకల్యం ఉన్నవారి కోసం ఉన్న జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీలోనూ విచారించవచ్చు. ఈలోగా మీకు ఓపిక నశిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. శిక్షణను శ్రద్ధగా పాటించినా ఆరేళ్లు నిండాక ఇబ్బంది మిగిలితే, మందుల గురించి నిపుణులు అప్పుడు ఆలోచిస్తారు. ఆ మందులను వారి పర్యవేక్షణలోనే వాడాలి, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోకూడదు.

– పిల్లల వైద్య నిపుణులు, నల్లగొండ