‘సేమ్ టు సేమ్’ అన్నాడు, గేమ్ మాత్రం వేరే!

ప్రశ్న: మాది విజయవాడ, పటమట. నా దగ్గర పీఎస్4 (టీవీకి తగిలించి వీడియో గేమ్‌లు ఆడే ప్లేస్టేషన్ 4 మెషీన్) ఉంది. కిందటి అక్టోబరులో బీసెంట్ రోడ్డు దగ్గర ఒక షాపులో ఎన్‌బీఏ 2కే26 అనే బాస్కెట్‌బాల్ గేమ్ డిస్కు దాదాపు నాలుగు వేలు పెట్టి కొన్నాను. కొనేముందు షాపతను వాట్సాప్‌లో ఒక వీడియో పంపాడు. ఆటగాళ్ల కదలికలు అచ్చం టీవీలో మ్యాచ్ చూసినట్టే ఉన్నాయి. ‘పీఎస్4లో కూడా ఇలాగే ఉంటుందా అన్నా?’ అని అడిగితే ‘సేమ్ టు సేమ్ తమ్ముడూ’ అని మెసేజ్ పెట్టాడు. ఇంటికొచ్చి ఆడితే అదేమీ లేదు. ఆ వీడియో దీని తర్వాత వచ్చిన పీఎస్5దట. సీల్ తీశాక వాపసు తీసుకోనంటున్నాడు. బిల్లు ఇవ్వలేదు, చీటీ మీద రాసిచ్చాడు. పైగా పోయినేడాది గేమ్‌లో చేతికి అలవాటైన షాట్ టైమింగ్ (బంతి బుట్టలో వేయడానికి బటన్ వదలాల్సిన క్షణం) ఇందులో కుదరడం లేదు. షాపు మీద, గేమ్ కంపెనీ మీద కేసు వేసి ఐదు లక్షలు అడగొచ్చా?
– ఓ పాఠకుడు

జవాబు: మీరు రెండు ఫిర్యాదులు కలిపి ఒకే మూట కట్టారు. వాటిలో ఒకటి నిలబడుతుంది. రెండోది నిలబడదు సరికదా, మొదటిదాన్ని కూడా పలచన చేస్తుంది. అందుకని ముందు ఆ రెండోదాన్ని పక్కన పెడదాం.

షాట్ టైమింగ్ మారిందన్నది కేసు కాదు. ఈ గేమ్ ఏటా సెప్టెంబరు నాటికి వస్తుంది. 2కే26 అయితే 2025 సెప్టెంబరు 5న విడుదలైంది. కొత్తగా ఏం మార్చారో చూద్దామనే కదా జనం మళ్లీ కొనేది? ఏమీ మార్చకపోతే జెర్సీలు మార్చి పాత గేమే అంటగట్టారని తిట్టేదీ మనమే. అసలు ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) వాళ్లే 1994లో మూడు పాయింట్ల గీతను, అంటే దాని అవతల నుంచి వేస్తే మూడు పాయింట్లొచ్చే గీతను, బుట్టకు దగ్గరగా జరిపి, 1997లో మళ్లీ వెనక్కి తీసుకెళ్లారు. ప్రాక్టీసు వృథా అయిందని ఆటగాళ్లు కోర్టుకు వెళితే ఎలా ఉంటుందో ఊహించండి. చేతికి కుదరకపోవడం వేరు, వస్తువులో లోపం వేరు. ‘పాత టైమింగే ఉంటుంది’ అని మీకెవరూ మాట ఇవ్వలేదు.

ఇక వీడియో సంగతి. మీ బలమంతా ఇక్కడే ఉంది.

ఒకే పేరుతో, ఒకే ఏడాది వచ్చినా పీఎస్4 గేమ్, పీఎస్5 గేమ్ ఒకటి కావు. అసలు మ్యాచ్‌ల వీడియోల నుంచి ఆటగాళ్ల కదలికలను నేరుగా గేమ్‌లోకి తెచ్చే ‘ప్రోప్లే’ అనే పద్ధతి 2కే24తో మొదలైంది. పీఎస్5 లాంటి కొత్త మెషీన్లకే అది వచ్చింది, పీఎస్4కు రాలేదు. మీరు వీడియోలో చూసి మురిసింది దాన్నే అయివుంటుంది. ఇది రహస్యమేమీ కాదు, ఆ సరుకు అమ్మేవాడికి తెలియాల్సిన సంగతే.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో సెక్షన్ 2(10) చూడండి. చట్టం ప్రకారమో, ఒప్పందం ప్రకారమో ఉండాల్సిన నాణ్యత లేకపోవడం ఒక్కటే లోపం కాదు. వ్యాపారి ‘ఏ రూపంలో చెప్పినా సరే’, ఆ చెప్పినదానికి తగ్గితే అదీ లోపమే. వాట్సాప్ మెసేజ్ కూడా ఒక రూపమే కదా. ఒక రకం, ఒక మోడల్ సరుకును ఇంకోటిగా చెప్పి అమ్మడం సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న సరుకు వాపసు తీసుకోకపోవడం, బిల్లు ఇవ్వకపోవడం కూడా అదే సెక్షన్‌లోకి వస్తాయి. వాపసుకు బిల్లులో గడువు రాయకపోతే 30 రోజులని చట్టమే చెబుతోంది. కాబట్టి ‘సీల్ తీశాక మా బాధ్యత లేదు’ అన్న మాట చెల్లదు. సీల్ తీయకుండా లోపల ఏముందో ఎలా తెలుస్తుంది?

డిస్కులో ఉన్నది సాఫ్ట్‌వేర్, అది సరుకెలా అవుతుందని వాళ్ల లాయరు అనొచ్చు. అననివ్వండి. రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ సరుకేనని సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. అది పన్ను కేసే అనుకోండి, కానీ అందులో ప్రతివాది మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. ఇక్కడి లాయర్లు ఆ తీర్పును అంత తేలిగ్గా మర్చిపోరు.

వాళ్ల అసలు వాదన ఇంకోటి ఉంటుంది. ‘డబ్బా మీద పీఎస్4 అని ఇంత పెద్ద అక్షరాలతో ఉంది, ఆయన అడిగిందీ అదే, ఇచ్చిందీ అదే’ అంటారు. ఇది గట్టి వాదనే. వీడియో ఒక్కటే ఉంటే నేనూ కొంచెం తటపటాయించేవాణ్ని. కానీ మీరు సూటిగా ప్రశ్న అడిగారు, అతను సూటిగా జవాబిచ్చాడు, ఆ తర్వాతే మీరు డబ్బు కట్టారు. ఈ వరస తేదీలతో, టైముతో సహా చాట్‌లో కనబడాలి. స్క్రీన్‌షాట్లు తీసి, అవి అసలైనవేనని చెప్పే సర్టిఫికెట్‌ను భారతీయ సాక్ష్య అధినియమం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద జత చేయాలి. డబ్బు యూపీఐలో కట్టి ఉంటే ఆ వివరం తీసిపెట్టుకోండి, చీటీకి అదే తోడు.

కంపెనీని ఇందులోకి లాగొద్దు. డబ్బా మీద వాళ్లు అబద్ధం రాయలేదు. పైగా విదేశీ కంపెనీకి నోటీసు అందేసరికే నెలలు గడిచిపోతాయి.

ముందు షాపు యజమానికి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, పదిహేను రోజులు గడువివ్వండి. ఈలోగా 1915 జాతీయ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టండి, ఒక్కోసారి అక్కడే తేలిపోతుంది. లేకపోతే విజయవాడలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. వినియోగదారుల కేసులు ఆన్‌లైన్‌లో వేసే ఇ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు. వస్తువుకు కట్టిన ధర ఐదు లక్షల లోపుంటే ఫీజు లేదు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు (ఈ మాట చెప్పినందుకు మా లాయర్లు నన్ను తిట్టుకుంటారు). కొన్నది కిందటి అక్టోబరులోనే కాబట్టి రెండేళ్ల గడువులోనే ఉన్నారు.

ఐదు లక్షలంటారా? అడగడానికి అడ్డేమీ లేదు. కానీ నాలుగు వేల డిస్కుకు ఐదు లక్షల మనోవేదన అంటే కమిషన్ ముందు మీ అసలు ఫిర్యాదే పలచనైపోతుంది. డిస్కు ధర, దానిపై వడ్డీ, ఖర్చులు, టెన్షన్ పెట్టినందుకు ఓ మోస్తరు పరిహారం అడగండి.

ఒక్క జాగ్రత్త. కేసు తేలేదాకా ఆ డిస్కును ఎక్కడా ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయకండి. కమిషన్ చూపించమంటే డబ్బాతో సహా మీ చేతిలో ఉండాలి.