డాక్టరు వైజాగ్‌లో, బీపీ మిషను పుట్టింట్లో: ఇన్సూరెన్స్ ఇస్తుందా?

ప్రశ్న: నాకు ఐదో నెల. మొదటి కాన్పు కాబట్టి ఏడో నెలలో నరసన్నపేటలోని పుట్టింటికి వెళ్తాను. బీపీ కాస్త ఎక్కువగా ఉంది. రోజూ ఇంట్లో చూసుకుని యాప్‌లో పంపితే వైజాగ్‌లోని మా డాక్టరు చూస్తారట. కాన్పయ్యాక ఆరు వారాల వరకు కలిపి ప్యాకేజీ 18,000 అన్నారు. మావారి కంపెనీ పాలసీలో కాన్పుకి 50,000 వరకు ఇస్తారు. ఈ ప్యాకేజీ అందులో వస్తుందా? విడిగా పాలసీ తీసుకోమంటారా?

జవాబు: విడి పాలసీ ఇప్పుడు వద్దమ్మా. వాటిలో కాన్పు ఖర్చుకి వెయిటింగ్ పీరియడ్, అంటే పాలసీ తీసుకున్నాక డబ్బు అడగడానికి ఆగాల్సిన కాలం, సాధారణంగా తొమ్మిది నెలల నుంచి కొన్నేళ్ల దాకా ఉంటుంది. మీకు మిగిలింది నాలుగు నెలలే. ‘ఇప్పుడు కట్టేయండి, తర్వాత నేను చూసుకుంటా’ అనే ఏజెంటుకి ఓ నమస్కారం పెట్టండి.

ఇక ప్యాకేజీ. మీవారి చేత కంపెనీ హెచ్‌ఆర్‌ని ఒక్క మాట అడిగించండి: కాన్పుకి ముందూ తర్వాతా అయ్యే చెకప్‌ల ఖర్చు ఆ 50,000 లోపలా, దానికి అదనమా? చాలా కంపెనీ పాలసీల్లో లోపలే, అదీ ఏ ఐదు వేలకో పరిమితం. పూర్తి 18,000 ఇచ్చారనే అనుకుందాం. అప్పుడు కాన్పుకి మిగిలేది 32,000. ప్రైవేటులో సిజేరియన్ అయితే ఆ డబ్బు ఎటూ చాలదు. ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో పెట్టుకున్నట్టే.

అయినా ప్యాకేజీ బిల్లు విడగొట్టించండి. డాక్టరు కన్సల్టేషన్ ఎంత, పరీక్షలెంత, యాప్‌కి ఎంత? నేరుగా వెళ్లి చూపించుకుంటే ఏ పాలసీ డబ్బిస్తుందో, ఫోన్లో చూపించుకున్నా అది ఇవ్వాలని ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2020లోనే చెప్పింది. కాబట్టి కన్సల్టేషన్‌కి ఆశ ఉంది. మిషనుకీ యాప్‌కీ ఆశ పెట్టుకోకండి. అంతా కలిపి ఒకే లైనులో ‘ప్యాకేజీ’ అని రాస్తే క్లెయిమ్ అక్కడే ఆగుతుంది.

నన్నడిగితే, దండచేతికి పట్టీ చుట్టే మంచి బీపీ మిషను రెండు, మూడు వేలకి కొనుక్కోండి. అంకెలు నోట్‌బుక్‌లో రాసి ఫొటో తీసి పంపితే సరిపోతుందా అని డాక్టరునే అడగండి. కుదరదంటే మాత్రం బేరాలొద్దు, ప్యాకేజీయే తీసుకోండి. పై అంకె 160కి గానీ కింది అంకె 110కి గానీ చేరితే యాప్‌లో పెట్టి కూర్చోకండి, 108కి ఫోన్ చేయండి. వైజాగ్ వందకు పైగా కిలోమీటర్లు. శ్రీకాకుళం ప్రభుత్వాసుపత్రే మీకు దగ్గర.

నెలనెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకి ఉచిత చెకప్ ఉంటుంది, అదీ వాడుకోండి. కాన్పయ్యాక 42వ రోజు వరకు ఆశా కార్యకర్త ఇంటికొస్తుంది. ‘బిడ్డ పుట్టేసిందిగా’ అని మిషను బీరువాలో పెట్టేయకండి. బీపీ కాన్పు తర్వాత మొదటి వారంలోనూ పెరగొచ్చు.

బిడ్డ పేరు కంపెనీ పాలసీలో చేర్పించడం మీవారి పని. గడువు ఎన్ని రోజులో ఇప్పుడే కనుక్కోమనండి, ఆ హడావిడిలో ఎవరికీ గుర్తుండదు.